లాప్రోస్కోపీలో గర్భసంచి తొలగింపు: లాభం ఎక్కడ, ముప్పు ఎప్పుడు?

క్లుప్తంగా: పొట్ట కోసి చేసే ఆపరేషన్‌తో పోలిస్తే, చిన్న రంధ్రాలు వేసి కెమెరా సాయంతో చేసే లాప్రోస్కోపీలో నొప్పి తక్కువ, మనిషి కోలుకోవడం త్వరగా జరుగుతుంది. మూత్రనాళానికి, మూత్రసంచికి దెబ్బ తగిలే అవకాశం మాత్రం కొంచెం ఎక్కువ. అలాంటి దెబ్బల్లో కొన్ని డిశ్చార్జి అయ్యాకే బయటపడతాయి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో చిన్న రంధ్రాల పద్ధతి నష్టమే చేసిందని 2018లో తేలింది. వీలున్న చోట యోని మార్గం గుండా తీయడమే మేలని పరిశోధనలు చెబుతున్నా ఆ పద్ధతి వెనకబడింది.

బెంగళూరు గైనిక్ ఓపీల్లో తెలుగు మామూలుగా వినపడే భాష. వైట్‌ఫీల్డ్, మారతహళ్లి, కేఆర్ పురం వైపు స్థిరపడిన కుటుంబాలు కొన్ని. హిందూపురం, అనంతపురం, మదనపల్లె, కుప్పం నుంచి రైలో బస్సో ఎక్కి వచ్చేవాళ్లు ఇంకొందరు. పిల్లలు ఇక్కడ ఉద్యోగాల్లో ఉండటంతో ఊళ్లో ఉన్న అమ్మనో అత్తనో పిలిపించుకుని చూపించడం మామూలైపోయింది. డాక్టర్ గదిలోంచి బయటికొచ్చాక కౌన్సెలింగ్ డెస్క్‌లో ఒక ఎస్టిమేట్ కాగితం చేతిలో పెడతారు. అందులో ఆపరేషన్ పేరు దగ్గర ‘టీఎల్‌హెచ్ + బీఎస్‌ఓ’ లాంటి పొడి అక్షరాలు ఉంటాయి. చూసేవాళ్ల కళ్లు నేరుగా కింద ఉన్న మొత్తం మీదికి పోతాయి. మామూలే. కానీ ఆ కుటుంబం అడిగి తెలుసుకోవాల్సింది చాలావరకు ఆ పై అక్షరాల్లోనే ఉంది.

ఆ అక్షరాల్లో ఏముంది

లాప్రోస్కోపీలో గర్భసంచి తీయడమంటే ఒకటే పద్ధతి కాదు. 1988లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో హ్యారీ రీక్ అనే వైద్యుడు మొదటిసారి ఈ ఆపరేషన్ చేశాక, పనిలో ఎంత భాగం పైనుంచి, ఎంత భాగం కింద నుంచి చేస్తారన్న దాన్ని బట్టి రకాలు ఏర్పడ్డాయి. పైభాగాన్ని కెమెరా సాయంతో విడదీసి, మిగతాది యోని మార్గం నుంచి పూర్తి చేస్తే అది ఎల్‌ఏవీహెచ్. రక్తనాళాలు మూయడం, గర్భసంచిని యోని నుంచి వేరుచేయడం అంతా లోపలే చేస్తే టీఎల్‌హెచ్. ముఖద్వారాన్ని అలాగే వదిలి పైభాగం మాత్రమే తీసేది మరో రకం. ఇందులో ముఖద్వార క్యాన్సర్ పరీక్షలు ఆ తర్వాత కూడా కొనసాగించాలి. కొందరికి నెలనెలా కొద్దిగా మరక కనిపిస్తూనే ఉంటుంది.

అంత చిన్న రంధ్రాల్లోంచి గర్భసంచి ఎలా బయటికొస్తుందన్నది చాలామంది అడిగే ప్రశ్న. అది రంధ్రాల్లోంచి రాదు. టీఎల్‌హెచ్‌లో కూడా చివరికి యోని మార్గం గుండానే బయటికి తీసి, ఆ పైకొనను కుట్లతో మూసేస్తారు. పొట్ట మీదుండే మూడు నాలుగు రంధ్రాలు కెమెరాకీ, పరికరాలకీ మాత్రమే.

‘బీఎస్‌ఓ’ అంటే రెండు వైపులా ట్యూబులూ, అండాశయాలూ తీసేయడం. గర్భసంచి ఆపరేషన్ అనగానే అవి కూడా పోతాయని కొందరు, అవి ఉండిపోతాయని కొందరు అనుకుంటారు. రెండూ నిజం కావచ్చు. ఏది జరగబోతోందో ఆ మూడక్షరాలే చెబుతాయి.

కోత తగ్గితే దక్కేది

పొట్ట కోసి చేసే ఆపరేషన్‌లో బాధ పెట్టేది ఎక్కువగా పొట్ట గోడకు పడే కోతే. దగ్గినా, మంచం మీంచి లేచినా లాగేది అక్కడే. చీము పట్టేదీ, తర్వాత హెర్నియా వచ్చేదీ అక్కడే. లాప్రోస్కోపీ ఆ గాయాన్ని దాదాపు తీసేస్తుంది. అందుకే రెండో రోజుకే నడవగలుగుతారు, ఇంటికి త్వరగా వెళతారు. లావుగా ఉన్నవాళ్లలో, షుగర్ ఉన్నవాళ్లలో ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. పెద్ద కోత మానక ఇబ్బంది పడేది వీళ్లే కాబట్టి.

గర్భసంచి తొలగింపు పద్ధతులను పోల్చిన 47 అధ్యయనాలను, 5,102 మంది మహిళల వివరాలను కలిపి చూసిన 2015 నాటి కాక్రేన్ (వైద్య పరిశోధనలను సమీక్షించే అంతర్జాతీయ సంస్థ) సమీక్ష కూడా ఇదే చెప్పింది. పొట్ట కోతతో పోలిస్తే లాప్రోస్కోపీ వల్ల మామూలు జీవితంలోకి తిరిగి రావడం త్వరగా జరుగుతుంది. దాంతోపాటే మూత్ర మార్గానికి దెబ్బలు ఎక్కువని, ఆపరేషన్ సమయం ఎక్కువని కూడా నమోదు చేసింది.

అంతకుముందు, 2004లో వెలువడిన ‘ఇవాల్యుయేట్’ అధ్యయనం ఫలితాలు ఇంకాస్త ఘాటుగా ఉన్నాయి. పెద్ద చిక్కుల్లో కనీసం ఒకటైనా ఎదురైనవాళ్లు లాప్రోస్కోపీలో 11.1 శాతం, పొట్ట కోసిన ఆపరేషన్‌లో 6.2 శాతం. ఈ అంకెను ఒంటరిగా చూస్తే భయం వేస్తుంది. మధ్యలో లాప్రోస్కోపీ ఆపి పొట్ట తెరవాల్సి రావడాన్ని కూడా ఆ అధ్యయనం పెద్ద చిక్కుగానే లెక్కవేసింది. నిజానికి అది చాలాసార్లు సర్జన్ తెలివిగా వెనక్కి తగ్గడమే. రక్తం ఆగనప్పుడో, లోపల అంతా అతుక్కుపోయి ఏదేమిటో తెలియనప్పుడో తెరిచి చూడటాన్ని ఓటమి అనుకునే సర్జన్ కంటే, అనుకోని సర్జన్ దగ్గర రోగికి భద్రత ఎక్కువ. ఆ అధ్యయనంలోనే లాప్రోస్కోపీ చేయించుకున్నవాళ్లకు నొప్పి తక్కువగా, ఆరు వారాల నాటికి జీవన నాణ్యత మెరుగ్గా ఉన్నట్టు తేలింది. సగటు ఆపరేషన్ సమయం మాత్రం 84 నిమిషాలు. పొట్ట కోసి చేస్తే 50.

రెండు సెంటీమీటర్ల చోటు

చిక్కులు ఎక్కడొస్తాయో అర్థం కావాలంటే శరీర నిర్మాణంలో ఒక చోటును దగ్గరగా చూడాలి. కిడ్నీ నుంచి మూత్రసంచికి వెళ్లే మూత్రనాళం, గర్భాశయ ముఖద్వారానికి పక్కగా ఒకటిన్నర నుంచి రెండు సెంటీమీటర్ల దూరంలో సాగుతుంది. సరిగ్గా అక్కడే దాని పైనుంచి గర్భసంచికి రక్తం తెచ్చే ధమని అడ్డంగా దాటుతుంది. వంతెన కింద నీళ్లు అని వైద్య విద్యార్థులు గుర్తుపెట్టుకునేది ఈ దృశ్యాన్నే. గర్భసంచి తీయాలంటే ఆ ధమనిని మూయక తప్పదు.

పొట్ట తెరిచినప్పుడు సర్జన్ వేళ్లతో తడిమి నాళాన్ని గుర్తుపట్టగలరు. లాప్రోస్కోపీలో ఆ స్పర్శ ఉండదు, కంటిచూపే ఆధారం. పైగా రక్తనాళాలను దారంతో కట్టే బదులు కరెంటుతో గానీ, అల్ట్రాసౌండ్ శక్తితో గానీ కాల్చి మూస్తారు. ఆ వేడి పరికరం మొనతో ఆగదు, పక్కకు కొన్ని మిల్లీమీటర్లు పాకుతుంది. అంత ఇరుకు చోట ఆ కాస్తే ఎక్కువ. గర్భసంచిని కింద నుంచి కదిలించే మానిప్యులేటర్ అనే సాధనంతో దాన్ని పైకి నెట్టి పట్టుకోవడానికి కారణం ఇదే. అలా నెట్టినప్పుడు మూత్రనాళానికీ, కాల్చే చోటుకూ మధ్య ఎడం పెరుగుతుంది. ఓటీలో ఆ సాధనం పట్టుకునే సహాయకుల నైపుణ్యం ఎస్టిమేట్‌లో ఎక్కడా కనిపించదు, ఆపరేషన్ భద్రత మాత్రం కొంత దాని మీదే ఆధారపడుతుంది.

అనుభవం ఎంత తేడా తెస్తుందో ఫిన్లాండ్ దేశవ్యాప్త లెక్కల్లో కనిపిస్తుంది. అక్కడ లాప్రోస్కోపీ కొత్తగా పుంజుకుంటున్న 1996లో మూత్రనాళం దెబ్బతిన్న సందర్భాలు 1.1 శాతం. పదేళ్ల తర్వాత, 2006లో అది 0.3 శాతానికి దిగింది. ఆపరేషన్ అదే, చేసే చేతులు ఆరితేరాయి. అందుకే ‘లాప్రోస్కోపీ సురక్షితమా?’ అని అడగడం కంటే, ఈ డాక్టర్ ఇలాంటివి ఏడాదికి ఎన్ని చేస్తారు, అందులో మధ్యలో ఎన్నిసార్లు పొట్ట తెరవాల్సి వచ్చింది అని అడగడం ఉపయోగం. అడిగితే డాక్టర్‌కి కోపం వస్తుందేమోనని టెన్షన్ పడేవాళ్లే ఎక్కువ. అలవాటున్న సర్జన్లకు ఇది కొత్త ప్రశ్నేమీ కాదు.

సిజేరియన్ మచ్చ తెచ్చే తంటా

తెలుగు కుటుంబాలకు ప్రత్యేకంగా పట్టే అంశం ఒకటుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019-21) ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. సిజేరియన్‌లో కోత పడేది గర్భసంచి కింది భాగంలో, మూత్రసంచి దాన్ని ఆనుకుని ఉండే చోట. కోత మానేటప్పుడు మూత్రసంచి ఆ మచ్చకు అతుక్కుపోతుంది. రెండు మూడు సిజేరియన్లయితే ఇంకా గట్టిగా. గర్భసంచి తీసేటప్పుడు మూత్రసంచిని కిందికి జార్చడం తప్పనిసరి మెట్టు. అతుక్కున్న చోట దాన్ని విడదీస్తుంటే చిల్లు పడే అవకాశం పెరుగుతుంది. ఏ పద్ధతిలో చేసినా ఈ బెడద ఉంటుంది.

చిల్లు పడినా వెంటనే గుర్తిస్తే అక్కడికక్కడే కుట్టేయవచ్చు. కొద్దిరోజులు మూత్రపు గొట్టం ఉంచితే సాధారణంగా మానిపోతుంది. గుర్తించకపోతేనే కష్టం. ఆపరేషన్ ముగిసే ముందు సిస్టోస్కోపీతో మూత్రసంచి లోపలికి చూసి, రెండు వైపుల నుంచీ మూత్రం చిమ్ముతోందో లేదో సరిచూసుకునే సర్జన్లు ఉన్నది ఇందుకే. వేడి వల్ల కలిగే దెబ్బ ఆ పరీక్షలో కూడా ఒక్కోసారి దొరకదు.

పొట్ట మీద పాత కోత ఉన్న విషయం, అది ఎన్నేళ్ల కిందటిదైనా, డాక్టర్‌కి ముందే చెప్పాలి. మొదటి రంధ్రం వేసి కార్బన్ డయాక్సైడ్ నింపే ఘట్టంలో కనిపించని చోట సూది దిగుతుంది. లాప్రోస్కోపీలో పేగుకూ, పెద్ద రక్తనాళాలకూ జరిగే దెబ్బల్లో గణనీయమైన భాగం ఈ తొలి నిమిషాల్లోనే జరుగుతాయి. బొడ్డు దగ్గర అతుకులు ఉంటాయని అనుమానం ఉంటే ఎడమ పక్కటెముకల కింది నుంచి లోపలికి వెళతారు.

క్యాన్సర్‌లో తిరగబడ్డ లెక్క

గర్భసంచి లోపొర క్యాన్సర్‌లో చిన్న రంధ్రాల పద్ధతికి గట్టి మద్దతు ఉంది. 760 మందితో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, హాంకాంగ్‌లలో జరిగిన ‘లేస్’ అధ్యయనం 2017లో ఫలితాలు ప్రకటించింది. నాలుగున్నరేళ్లకు వ్యాధి లేకుండా ఉన్నవాళ్లు లాప్రోస్కోపీలో 81.6 శాతం, పొట్ట కోసిన వాళ్లలో 81.3 శాతం. తేడా లేదన్నమాటే.

ముఖద్వార క్యాన్సర్‌లోనూ అలాగే ఉంటుందనుకున్నారు. 2018 నవంబరులో వచ్చిన ‘ఎల్‌ఏసీసీ’ ఫలితాలు ఆ నమ్మకాన్ని కూల్చేశాయి. తొలిదశ ముఖద్వార క్యాన్సర్‌కు చుట్టుపక్కల కణజాలంతో సహా గర్భసంచి తీసే ఆపరేషన్‌లో, నాలుగున్నరేళ్లకు వ్యాధి లేకుండా ఉన్నవాళ్లు పొట్ట కోసి చేస్తే 96.5 శాతం, లాప్రోస్కోపీ లేదా రోబోతో చేస్తే 86 శాతం. మూడేళ్లకు బతికున్నవాళ్ల శాతం 99 నుంచి 93.8కి పడింది. మానిప్యులేటర్ కణితిని నలపడం, గ్యాస్ ఒత్తిడి, యోనిని కడుపు లోపలే తెరవడం వల్ల కణాలు చెదరడం లాంటి కారణాలను అనుమానిస్తున్నారు. కచ్చితంగా ఇదేనని తేలలేదు. ఆ తర్వాత ఈ వ్యాధికి పొట్ట కోసి చేసే ఆపరేషనే మళ్లీ ప్రామాణిక పద్ధతి అయింది. కాబట్టి ముఖద్వార క్యాన్సర్ అని తేలినప్పుడు ‘హోల్స్ వేసి చేసేస్తాం’ అన్న మాట వినపడితే, క్యాన్సర్ సర్జన్ దగ్గర రెండో అభిప్రాయం తీసుకోవాల్సిందే. బెంగళూరులో కిద్వాయ్ వంటి ప్రత్యేక క్యాన్సర్ సంస్థ అందుబాటులో ఉంది.

మరో చిక్కు మామూలు గడ్డల ఆపరేషన్‌లోనే పొంచి ఉంటుంది. పెద్ద గర్భసంచిని బయటికి తీయడానికి లోపలే ముక్కలు చేసే మోర్సెలేటర్ గురించి 2014 ఏప్రిల్‌లో అమెరికా ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. ఫైబ్రాయిడ్ (క్యాన్సర్ కాని గడ్డ) అనుకుని ఆపరేషన్ చేసిన ప్రతి 350 మందిలో ఒకరికి అది సార్కోమా అనే క్యాన్సర్ కావచ్చని, ముక్కలు చేస్తే కడుపంతా చిమ్ముతుందని దాని అంచనా. ఈ నిష్పత్తి మరీ ఎక్కువ చేసి చెప్పిందేనని తర్వాతి విశ్లేషణలు కొన్ని అన్నాయి. ఏదేమైనా సంచిలో పెట్టి ముక్కలు చేయడం, ముందే లోపొర బయాప్సీ చేయించడం అలవాటయ్యాయి. మెనోపాజ్ దాటాక పెరుగుతున్న గడ్డను మామూలు ఫైబ్రాయిడ్‌లా చూడకూడదు.

రోబో అదనంగా ఇచ్చేదెంత

బెంగళూరు పెద్ద ఆసుపత్రుల్లో రోబోటిక్ ప్యాకేజీ వేరుగా ఉంటుంది. అమెరికాలో 2,64,758 మంది వివరాలతో 2013లో వచ్చిన విశ్లేషణ ప్రకారం క్యాన్సర్ కాని జబ్బులకు రోబోతో చేసినప్పుడు చిక్కులు 5.5 శాతం, మామూలు లాప్రోస్కోపీలో 5.3 శాతం. ఖర్చు మాత్రం రోబోలో రెండు వేల డాలర్లకు పైగా ఎక్కువ. బాగా లావుగా ఉన్నవాళ్లలో, లోపల అతుకులు ఎక్కువున్నవాళ్లలో సర్జన్ చేతికి సౌలభ్యం ఉండవచ్చు. మామూలు సైజు గర్భసంచికి ఆ అదనపు ఖర్చు దేనికో ఆసుపత్రే వివరించాలి.

కింద నుంచి తీసే పద్ధతి ఏమైంది

ఇన్ని పోలికల్లో అన్నిటికంటే తక్కువగా మాట్లాడుకునేది యోని మార్గం గుండా చేసే ఆపరేషన్. పొట్ట మీద ఒక్క కోత ఉండదు. గ్యాస్ అక్కర్లేదు, చాలామందికి వెన్నులో ఇచ్చే మత్తు సరిపోతుంది, ఖర్చూ తక్కువ. కాక్రేన్ సమీక్ష వీలున్నప్పుడు మొదటి స్థానం దీనికే ఇచ్చింది. అమెరికా గైనకాలజిస్టుల సంఘం 2017లో అదే మాట చెప్పింది. గర్భసంచి జారిన వాళ్లకే ఇది పనికొస్తుందన్న అపోహ మన దగ్గర గట్టిగా ఉంది. జారకపోయినా చేయవచ్చు.

అయినా వెనకబడటానికి కారణాలు ఊహించడం కష్టం కాదు. కింద నుంచి చేసే పని పక్కన నిలబడ్డ జూనియర్లకు కనపడదు. లాప్రోస్కోపీ అయితే తెర మీద అందరూ చూసి నేర్చుకుంటారు. కొత్త యంత్రం కొన్న ఆసుపత్రి దాన్ని వాడాలనుకుంటుంది. రోగి తరఫువాళ్లు కూడా ‘లేటెస్ట్’ అన్న మాట దగ్గర ఆగిపోతారు. గర్భసంచి మరీ పెద్దదైనా, ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపొర లాంటి కణజాలం బయట పెరగడం) ఉన్నా, కాన్పులు కాని వాళ్లలో దారి ఇరుకైనా లాప్రోస్కోపీ అవసరం నిజమే. ఎల్‌ఏవీహెచ్ లాంటివి పుట్టింది అలాంటి వాళ్ల కోసమే.

తీయాలా వద్దా, తీస్తే ఎంతవరకు

పద్ధతి ఎంత భద్రమైనదైనా అవసరం లేని ఆపరేషన్‌కు ఆ లెక్కలేవీ వర్తించవు. అదే జాతీయ సర్వేలో 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద సుమారు 3 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9, తెలంగాణలో దాదాపు 8 శాతం. రెండు తెలుగు రాష్ట్రాలూ దేశంలో అందరికంటే ముందున్నాయి. బిహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో అనవసర ఆపరేషన్లపై దాఖలైన కేసులో 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలను మూడు నెలల్లోగా అమలు చేయాలని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. 40 ఏళ్లలోపు వాళ్లకు చేసే ఆపరేషన్ల మీద ప్రత్యేక నిఘా అందులో భాగం.

అధిక రక్తస్రావానికి ముందు వాడి చూడాల్సినవి చాలానే ఉన్నాయి: ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలు, గర్భసంచిలో పెట్టే హార్మోన్ సాధనం, లోపొరను కాల్చే చికిత్స, గడ్డను మాత్రమే తీయడం. ‘పిల్లలు పుట్టేశారు కదా, ఇంక దాంతో పనేముంది’ అన్నది మన ఇళ్లలో పెద్దవాళ్లు అలవాటుగా అనే మాట. తెల్లబట్టకూ, నడుం నొప్పికీ గర్భసంచి తీయించుకున్నవాళ్లు మన ఊళ్లలో తక్కువేం లేరు.

అండాశయాల సంగతి అంతకంటే పెద్దది. మెనోపాజ్‌కు ముందే రెండూ తీసేస్తే హార్మోన్ ఒక్కసారిగా ఆగిపోతుంది. ఒళ్లు వేడెక్కడం, నిద్ర పట్టకపోవడం వెంటనే మొదలవుతాయి. ఎముకల బలహీనత, గుండె జబ్బు ముప్పు నెమ్మదిగా పెరుగుతాయి. జబ్బేమీ లేనప్పుడు అండాశయాలు ఉంచి ట్యూబులు మాత్రం తీయడం ఇప్పుడు ఎక్కువ మంది అనుసరిస్తున్న దారి. అండాశయ క్యాన్సర్లలో చాలావరకు ట్యూబుల చివర మొదలవుతాయని తెలియడం దీనికి కారణం. లాప్రోస్కోపీ పరీక్షకు మాత్రమే సంతకం పెట్టిన మహిళకు గర్భసంచి, అండాశయాలు తీసేసిన కేసులో 2008 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆమె మత్తులో ఉండగా తల్లి ఇచ్చిన సమ్మతి చెల్లదని, ప్రాణాపాయం లేనప్పుడు ఒకదానికి ఇచ్చిన సమ్మతి ఇంకోదానికి పనికిరాదని ఆ తీర్పు సారాంశం. అండాశయాలు ఉంచాలా తీయాలా అన్నది సంతకం పెట్టే కాగితంలో విడిగా రాయించుకోవచ్చు.

డిశ్చార్జి తర్వాతి వారాలు

త్వరగా ఇంటికి పంపడమే లాప్రోస్కోపీ గొప్పతనం. కొన్ని చిక్కులు ఆలస్యంగా బయటపడటమే దాని బలహీనత. రెండో రోజో మూడో రోజో డిశ్చార్జి అయి, నాలుగో రోజు హిందూపురం రైలెక్కే వాళ్లకు ఈ రెండూ కలిసి ఇబ్బంది పెడతాయి.

మొదటి ఒకటి రెండు రోజులు భుజం నొప్పి వస్తే గుండె నొప్పేమోనని కంగారు పడతారు. మిగిలిపోయిన గ్యాస్ ఊపిరితిత్తుల కింద ఉండే డయాఫ్రాన్ని రెచ్చగొట్టడం వల్ల, అదే నరం వెంట భుజంలో నొప్పి తెలుస్తుంది. తనంతట తనే తగ్గుతుంది.

పేగుకు వేడి తగిలి ఉంటే రెండు నుంచి ఐదు రోజుల మధ్య, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా తెలుస్తుంది. రోజురోజుకూ తగ్గాల్సిన పొట్ట నొప్పి పెరుగుతుంటే, పొట్ట ఉబ్బి, జ్వరం, వాంతులు ఉంటే తెల్లారేదాకా ఆగకూడదు. గ్యాస్ నొప్పి అనుకుని మాత్ర మింగి పడుకుని ఆలస్యం చేసుకునే వాళ్లుంటారు. మూత్రనాళానికో మూత్రసంచికో తగిలిన దెబ్బ ఒకటి రెండు వారాలకు కింద నుంచి ఆగకుండా నీళ్లలా కారడంగానో, ఒక పక్క నడుం నొప్పితో జ్వరంగానో బయటపడుతుంది. దాన్ని తెల్లబట్ట అనుకుంటే రోజులు గడిచిపోతాయి.

యోని పైకొన కుట్లు విడిపోవడం అరుదు. మిగతా పద్ధతుల కంటే టీఎల్‌హెచ్‌లో ఎక్కువగా కనిపించింది, కాల్చి కోసిన అంచు మానడానికి సమయం పడుతుంది కాబట్టి. వారాలు, ఒక్కోసారి నెలలు గడిచాక భార్యాభర్తలు కలిసినప్పుడు ఇది జరిగే సందర్భాలున్నాయి. అందుకే కనీసం ఆరు నుంచి ఎనిమిది వారాలు, డాక్టర్ లోపల పరీక్షించి చెప్పేదాకా దూరంగా ఉండమంటారు. ఈ మాట చెప్పడానికి డాక్టర్లూ, అడగడానికి రోగులూ మొహమాటపడటంతో ‘రెస్ట్ తీసుకోండి’ అన్న దగ్గరే ఆగిపోతుంది.

బెంగళూరులో బంధువుల ఇల్లు ఉంటే మొదటి వారమైనా అక్కడే ఉండి వెళ్లడం మంచిది. ఊరెళ్లక తప్పకపోతే, ఏ పద్ధతిలో చేశారో, మూత్రసంచి అతుక్కుని ఉందో లేదో, అండాశయాలు ఉంచారో తీశారో డిశ్చార్జి సమ్మరీలో స్పష్టంగా రాయించుకుంటే అక్కడి డాక్టర్‌కి పని సులువవుతుంది. బయాప్సీ రిపోర్టుకు వారం పది రోజులు పడుతుంది. చాలామంది దాన్ని తెచ్చుకోనే తెచ్చుకోరు. గడ్డ మామూలుదా కాదా అన్నది చెప్పేది అదొక్కటే కాబట్టి, ఊరి నుంచి ఫోన్ చేసైనా తెప్పించుకుని డాక్టర్‌కి చూపించాలి.